ఏడడుగులున్నాడని రింగు కిందే నిలబెట్టేస్తే ఎలా

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ స్పోర్ట్స్ పేజీలో క్రికెట్ పోను మిగిలిన ఆ కాస్త జాగాలో అప్పుడప్పుడు అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్ వార్తలు కూడా వేస్తున్నారు, అందుకు ముందు థాంక్స్ అండి. అక్కడ చదువుకునే మన పిల్లలు ఎంతోమంది ఉన్నారు, మార్చి వచ్చిందంటే ఫోన్లలో ఆ కాలేజీ జట్ల జాతీయ టోర్నమెంట్ గోలే కాబట్టి ఇక్కడ ఇళ్ళల్లో కూడా చదివేవాళ్ళు ఉంటారు. అయితే ఒక్క విషయం మాత్రం చాన్నాళ్ళుగా గొంతులో అడ్డం పడుతోంది, మీ పేజీ ఒక్కదాని గురించే అనట్లేదు, ఎక్కడ చూసినా ఇదే తంతు. ఎవరో ఒక పొడుగు కుర్రాడు, బిగ్ మ్యాన్ అంటారే, ఇన్నాళ్ళూ సెంటర్ (రింగు దగ్గరే ఉండి ఆడేవాడు) ఆడినవాడు కోచ్ చెప్పాడని పవర్ ఫార్వర్డ్‌కి (కాస్త బయటికి వచ్చి ఆడే చోటు) మారతాడు, మొదటి నాలుగైదు మ్యాచ్‌ల్లో పాయింట్లు తగ్గుతాయి, వెంటనే కొత్త పొజిషన్‌లో తేలిపోయాడు అని రెండు లైన్ల వార్త వచ్చేస్తుంది, అయిపోయింది. ఎందుకు తేలిపోయాడు, అసలు అతన్ని ఏం చెయ్యమన్నారు, చెయ్యమన్నది చేశాడా లేదా అన్న ముక్క ఒక్కటి ఉండదు. నేను చెప్పేదల్లా ఏంటంటే బిగ్ మ్యాన్ పొజిషన్ మారినప్పుడు కష్టమంతా పాయింట్ల కాలమ్‌లో కనపడని చోట ఉంటుంది, ముఖ్యంగా డిఫెన్స్‌లో, కాళ్ళల్లో, కళ్ళల్లో. అది రాయకుండా పాయింట్లు మాత్రమే రాస్తే ఆ కుర్రాడికి అన్యాయం, చదివే మాకు అంతకంటే అన్యాయం.

సెంటర్ అనేవాడు చిన్నప్పట్నించీ ఎలా పెరుగుతాడో చూడండి. స్కూల్లో అందరికంటే పొడుగు కాబట్టి తీసుకెళ్ళి రింగు కింద నిలబెడతారు. వీపు బుట్టవైపు పెట్టి బంతి కోసం చెయ్యెత్తుతాడు, బంతి చేతిలో పడ్డాక ఒక భుజం మీదుగా తిరిగి ఒంటిచేత్తో తల మీదుగా హుక్ వేస్తాడు లేకపోతే ఒక కాలు వెనక్కి తిప్పి (డ్రాప్ స్టెప్) బంతిని పైనుంచి రింగులోకి కుక్కి డంక్ కొడతాడు, బంతి నడిపే గార్డ్ కోసం స్క్రీన్ పెట్టి (అంటే అతన్ని కాసేవాడికి ఒళ్ళు అడ్డం పెట్టి) రింగు వైపు రోల్ అవుతాడు, అవతలివాళ్ళ బంతి అయితే రింగు ముందుండే పెయింట్‌లో కాపలా కాస్తాడు. పదేళ్ళ పాటు ఆట మొత్తాన్ని అతను ఆ ఒక్క కోణంలోనే చూస్తాడు. ఇప్పుడు అదే మనిషిని కాలేజీకి వచ్చాక ఫోర్ ఆడమన్నారు అనుకోండి (పాయింట్ గార్డ్ వన్, సెంటర్ ఫైవ్, పవర్ ఫార్వర్డ్ ఫోర్, అక్కడందరూ నంబర్లతోనే మాట్లాడుకుంటారు), బంతి అతనికి రింగుకి ఇరవై అడుగుల దూరంలో, మొహం బుట్టవైపు ఉండగా అందుతుంది. వెయ్యాలా, డ్రిబుల్ చెయ్యాలా, లోపలున్న సెంటర్‌కి అందించాలా అన్నది అర సెకనులో తేల్చుకోవాలి, ఆ అర సెకను దాటిందా డిఫెండర్ వచ్చి మీద పడతాడు. ఇదేమీ పొడుగుతో వచ్చే విద్య కాదండి, వేల సార్లు చేస్తే గానీ అబ్బదు.

దీనికి మంచి ఉదాహరణ డానీ వుల్ఫ్, మిషిగన్ యూనివర్సిటీ, 2024-25 సీజన్. అతను అంతకు ముందు యేల్‌లో సెంటర్, ఏడడుగుల మనిషి, 2024 టోర్నమెంట్‌లో 13వ సీడ్ (టోర్నమెంట్‌లో ఇచ్చే ర్యాంకు) యేల్ నాలుగో సీడ్ ఆబర్న్‌ని ఇంటికి పంపించిన మ్యాచ్‌లో ఆడినవాడు. మిషిగన్‌కి ట్రాన్స్‌ఫర్ అయ్యేసరికి అక్కడ కొత్త కోచ్ డస్టీ మే, తనతో పాటు ఫ్లోరిడా అట్లాంటిక్ నుంచి వ్లాదిస్లావ్ గోల్డిన్ అనే ఏడడుగుల ఒక అంగుళం సెంటర్‌ని వెంటబెట్టుకొచ్చాడు. ఇద్దరూ సెంటర్లే, ఇద్దరూ ఏడడుగులు, ఎవరైనా అయితే ఒకణ్ణి బెంచీ మీద కూర్చోబెడతారు కదా, మే మాత్రం వుల్ఫ్‌ని ఫోర్‌కి జరిపి, అక్కడితో కూడా ఆగకుండా బంతే అతని చేతికిచ్చి పిక్ అండ్ రోల్ (స్క్రీన్ వాడుకుని ఆడే ఎత్తు) నడపమన్నాడు, స్క్రీన్ పెట్టేదేమో గోల్డిన్. బంతి పట్టుకున్నవాడూ ఏడడుగులే స్క్రీన్ పెట్టినవాడూ ఏడడుగులే, అవతలి టీమ్‌లో ఎవరు ఎవర్ని పట్టుకోవాలో వాళ్ళకే అర్థం కాని పరిస్థితి.

అంతా నల్లేరు మీద నడకలా సాగిందా అంటే లేదు. వుల్ఫ్ మ్యాచ్‌కి సగటున మూడు సార్లకు పైగా బంతి పోగొట్టుకున్నాడు, గార్డ్‌కి అయినా అది ఎక్కువే, ఇక సెంటర్‌గా పెరిగినవాడికి చెప్పేదేముంది. ఆ ఒక్క అంకె పట్టుకుంటే ఈ ప్రయోగం ఫెయిల్ అని రాసెయ్యొచ్చు. కానీ అదే మనిషి సగటున 13 పాయింట్లు, 9 కి పైగా రీబౌండ్లు (తప్పిన షాట్ల బంతి పట్టుకోవడం), 3 కి పైగా అసిస్టులు (బుట్టకి దారితీసిన పాస్‌లు) చేశాడు, అంతకు ముందు ఏడాది 8 గెలిచి 24 ఓడిన టీమ్ ఈసారి 27 గెలిచి బిగ్ టెన్ (మిషిగన్ ఆడే కాన్ఫరెన్స్, అంటే కాలేజీల లీగు) టోర్నమెంట్ కూడా ఎత్తుకుపోయింది, చివరికి జాతీయ టోర్నమెంట్‌లో పదహారు జట్లు మిగిలే రౌండ్ స్వీట్ సిక్స్‌టీన్‌లో ఆపింది ఎవరయ్యా అంటే మళ్ళీ ఆ ఆబర్నే. వుల్ఫ్ ఆ వేసవిలో ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏ జట్లు కొత్త ఆటగాళ్ళని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో 27వ పిక్‌గా బ్రూక్లిన్ నెట్స్‌కి వెళ్ళాడు. ఆ బంతి పోగొట్టుకోవడాలు, టర్నోవర్లు అంటారు, మొత్తం అతని తప్పు అనలేం, అతను అలవాటు లేని పని నేర్చుకుంటున్నాడు, ఆ ఖర్చు టీమ్ తెలిసే పెట్టుకుంది. ఇది కదండీ రాయాల్సిన కథ.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను, డిఫెన్స్. సెంటర్‌గా ఉన్నప్పుడు అవతలి గార్డ్ స్క్రీన్ వాడుకుని వస్తుంటే ఇతను వెనక్కి తగ్గి రింగు దగ్గర కాచుకుంటాడు, డ్రాప్ అంటారు దాన్ని, పొడుగు చేతులు ఉంటే సగం పని అయినట్టే. ఫోర్‌కి మారాక ఇతను కాపలా కాయాల్సినవాడు త్రీ పాయింట్ లైన్ (దాని బయటనుంచి వేస్తే మూడు పాయింట్లు) బయట నిలబడి ఉంటాడు, ఇతనేమో లోపలివాళ్ళకి సాయం చెయ్యడానికి రెండడుగులు లోపలికి జరుగుతాడు, అంతలో బంతి బయటికి పాస్ అవుతుంది, ఇతను పరిగెత్తుకెళ్ళి షూటర్ ముందు ఆగాలి, ఆగడం అంటే ఏడడుగుల మనిషి, వంద కిలోలు దాటిన ఒళ్ళు, పూర్తి వేగం మీద వెళ్ళి చివరి రెండు మూడు అడుగులు చిన్నగా వేసి, చెయ్యెత్తి, నడుం కిందికి దించి, ఆ షూటర్ షాట్ వెయ్యకుండా పక్కనుంచి దూసుకెళ్తే మళ్ళీ వాడితో పాటు పక్కకి జారాలి. క్లోజౌట్ అంటారు దీన్ని. ఎక్కువ దూకితే దాటిపోతాడు, తక్కువ వస్తే త్రీ పడిపోతుంది, చెయ్యి తగిలిందా ఫౌల్. కొత్తగా ఫోర్ ఆడేవాడి మొదటి నెల చూడండి, షాట్లు పడకపోవడం కంటే ఈ క్లోజౌట్ల దగ్గరే ఎక్కువ తడబడతాడు, కానీ మ్యాచ్ లెక్కల పట్టిక, బాక్స్ స్కోర్‌లో దానికి గడే లేదు.

స్క్రీన్ల సంగతి ఇంకో తలనొప్పి. అన్నాళ్ళూ ఇతనే స్క్రీన్ పెట్టేవాడు, ఇప్పుడు ఇతనికే పెడతారు, దాని పైనుంచి వెళ్ళాలా కిందనుంచి వెళ్ళాలా అని ఎప్పుడూ ఆలోచించిన పాపాన పోలేదు. బంతి పోయి అవతలివాళ్ళు పరిగెత్తుకొస్తుంటే సెంటర్ అయితే నేరుగా రింగు దగ్గరికి వచ్చేస్తాడు, ఫోర్ అయితే దారిలో ఎవరు ఖాళీగా ఉన్నారో చూసి పట్టుకోవాలి, అందుకే పొజిషన్ మారినవాళ్ళు చాలామంది వేసవిలో ముందు బరువు తగ్గించే పనిలో పడతారు. ఇవేవీ హైలైట్స్‌లో రావు.

పైగా కాలేజీ రూల్స్ వేరు, ఎన్‌బీఏ రూల్స్ వేరు, ఇది కూడా వార్తల్లో ఎవరూ పట్టించుకోరు. ఎన్‌బీఏలో లేన్ (అదే పెయింట్) వెడల్పు 16 అడుగులు, కాలేజీలో 12 అడుగులే. ఎన్‌బీఏలో డిఫెండర్ ఎవర్నీ కాయకుండా పెయింట్‌లో 3 సెకన్లకు మించి నిలబడితే టెక్నికల్ ఫౌల్ ఇస్తారు, 2001-02 నుంచి ఉంది ఆ రూల్, కాలేజీలో అది లేదు, అవతలి సెంటర్ కావాలంటే రింగు కిందే తిష్ట వేసుకుని కూర్చోవచ్చు. అంటే కాలేజీలో లోపల ఎప్పుడూ రద్దీయే, ఇద్దరు పొడుగు మనుషుల్ని పెట్టుకున్న టీమ్‌లో ఒకడు బయట షాట్ వెయ్యలేకపోతే ఆ రద్దీలో గార్డ్‌కి దూరడానికి సందే ఉండదు. కాలేజీ మగవాళ్ళ పై స్థాయి అయిన డివిజన్ వన్‌లో త్రీ పాయింట్ లైన్ 1986-87లో 19 అడుగుల 9 అంగుళాల దగ్గర మొదలై, 2008-09లో ఒక అడుగు వెనక్కి జరిగి, 2019-20లో 22 అడుగులు దాటింది. మొదటి లైన్ దగ్గర షాట్ వేసుకుంటూ బతికేసే ఫోర్‌లు ఇప్పుడు అదే దమ్ముతో ఇంకో రెండడుగుల పైచిలుకు వెనకనుంచి వెయ్యాలి. ఫౌల్స్ ఎన్‌బీఏలో 6 కి బయటికి పంపిస్తారు, కాలేజీలో 5 కే, మ్యాచ్ కూడా 40 నిమిషాలే, కొత్త పొజిషన్‌లో చేతులు ఎక్కడ పెట్టాలో తెలియక మొదటి పది నిమిషాల్లో రెండు ఫౌల్స్ చేశాడంటే కోచ్ తీసుకెళ్ళి బెంచీలో కూర్చోబెడతాడు, కూర్చుంటే ఇక నేర్చుకునేదెప్పుడు. సీజన్‌లో వారానికి 20 గంటలకు మించి ప్రాక్టీస్ చేయించకూడదని కాలేజీ ఆటల్ని నడిపే ఎన్‌సీఏఏ రూల్ కూడా ఉంది, వాళ్ళు స్టూడెంట్లు కదా, క్లాసులు ఎగ్గొట్టి ఫుట్‌వర్క్ నేర్పడం కుదరదు.

అందరూ లోపల్నించి బయటికే మారతారు అనుకుంటే అదీ కరెక్ట్ కాదు. పర్‌డ్యూ యూనివర్సిటీలో ట్రే కాఫ్‌మన్-రెన్ సంగతి తిరగేసిన కేసు. 2023-24లో పక్కన ఏడడుగుల నాలుగంగుళాల జాక్ ఈడీ ఉన్నాడు కాబట్టి ఇతను ఫోర్ ఆడాడు, సగటు ఆరున్నర పాయింట్ల లోపు, ఎవరి దృష్టిలోనూ పెద్దగా పడలేదు. ఆ ఏడాది ఫైనల్ దాకా వెళ్ళి యూకాన్ (కనెక్టికట్ యూనివర్సిటీ) చేతిలో 75-60తో ఓడారు, ఈడీ ఒక్కడే 37 వేశాడు. ఈడీ వెళ్ళిపోయాక మళ్ళీ అంతే పొడుగున్న డేనియల్ జేకబ్‌సెన్ అనే మొదటి ఏడాది కుర్రాడు (ఫ్రెష్‌మన్) సెంటర్‌గా వస్తాడు అనుకుంటే అతనికి రెండో మ్యాచ్‌లోనే కాలి ఎముక విరిగింది. దాంతో ఆరడుగుల తొమ్మిదంగుళాల కాఫ్‌మన్-రెన్ సెంటర్ పని ఎక్కువ నెత్తినేసుకోవాల్సి వచ్చింది, సీజన్ అయ్యేసరికి సగటు 20 పాయింట్లు. చూశారా, పాయింట్లు మూడు రెట్లు అయ్యాయి, మన పద్ధతిలో అయితే సూపర్ హిట్ అని రాసి పడేస్తాం. కానీ రెండో వైపు కూడా చూడాలి, ఈడీ నిలబడితే అవతలివాళ్ళు లోపలికి రావడానికే జంకేవారు, ఇతను తన కంటే పొడుగైనవాళ్ళని కాయాలి, షాట్లు బ్లాక్ చేసే మనిషి కాదు, ఆ ఏడాది పర్‌డ్యూకి లోపల డిఫెన్స్ బాగా పల్చబడింది, స్వీట్ సిక్స్‌టీన్‌లో హ్యూస్టన్ మీద 62-60తో ఓడారు. ఎటు మారినా లాభం ఒక చోట వస్తే చిల్లు ఇంకో చోట పడుతుంది, చిల్లు ఎక్కడ పడిందో చెప్పని రిపోర్ట్ నాకైతే సగం రిపోర్టే.

సెంటర్ మీద ఇంకో బాధ్యత ఉంటుంది, అరవడం. నవ్వకండి, నిజంగానే. రింగు దగ్గర నిలబడ్డవాడికి అందరూ ఎదురుగా కనపడతారు కాబట్టి స్క్రీన్ ఎడమ నుంచి వస్తోందా కుడి నుంచా, స్విచ్ చెయ్యాలా (కాసే మనిషిని మార్చుకోవాలా) వద్దా అని అరిచి చెప్పాల్సింది అతనే, గార్డ్‌కి వీపు వెనక ఏముందో తెలీదు. నోరు మెదపని కుర్రాడిని ఫోర్ నుంచి ఫైవ్‌కి మారిస్తే కోచ్‌లు మొదట నేర్పించేది మాట్లాడ్డమే. మిషిగన్ స్టేట్‌లో ఫార్వర్డ్‌గా ఆడిన డ్రేమండ్ గ్రీన్ ఆరడుగుల ఆరంగుళాలే, సెంటర్‌కి ఏ లెక్కలో చూసినా పొట్టే, అయినా 2015 ఎన్‌బీఏ ఫైనల్స్‌లో వారియర్స్ 2-1తో వెనకబడ్డప్పుడు నాలుగో మ్యాచ్‌కి సెంటర్ బోగట్‌ని పక్కనపెట్టి ఇగ్వొడాలాని దింపి, గ్రీన్‌ని సెంటర్ చేశారు, వరసగా మూడు గెలిచి కప్పు కొట్టేశారు. అక్కడ పని చేసింది కాళ్ళు, బుర్ర, ఆ నోరు కూడా.

పాత సంగతులు కూడా రెండు చెప్తాను, కుర్రాళ్ళకి ఇది ఇవాళ కొత్తగా పుట్టిన ఫ్యాషన్ అనిపించకుండా. వర్జీనియాలో మూడేళ్ళు వరసగా దేశంలో బెస్ట్ ప్లేయర్ అనిపించుకున్న రాల్ఫ్ సాంప్సన్, అతనూ ఏడడుగుల నాలుగంగుళాలే, 1983లో హ్యూస్టన్ రాకెట్స్‌కి మొదటి పిక్‌గా వెళ్ళాడు, మరుసటి ఏడాదే వాళ్ళు హకీమ్ ఒలాజువన్‌ని తీసుకొచ్చారు, సాంప్సన్ ఫోర్‌కి జరిగాడు, 1986లో ఇద్దరూ కలిసి టీమ్‌ని ఫైనల్స్ దాకా తీసుకెళ్ళారు. టిమ్ డంకన్ వేక్ ఫారెస్ట్‌లో నాలుగేళ్ళు సెంటర్, 1997లో స్పర్స్‌కి వచ్చేసరికి అక్కడ డేవిడ్ రాబిన్సన్ ఉన్నాడు, సరే అని ఫోర్ ఆడాడు, 1999లోనే టైటిల్. డంకన్ మారినప్పుడు త్రీలు వెయ్యలేదండి, పక్కనుంచి బోర్డుకి తగిలించి వేసే ఆ మిడ్ రేంజ్ షాట్ చాలింది, ఎందుకంటే అప్పటి ఆటకి అది చాలు.

ఇంకా వెనక్కి వెళ్తే బిగ్ మ్యాన్‌ని రింగుకి దూరం చెయ్యాలని రూల్స్ చేసినవాళ్ళే ఎంతో కష్టపడ్డారు. జార్జ్ మైకన్, బాబ్ కర్లాండ్ లాంటివాళ్ళు రింగు మీదికి వచ్చిన బంతిని చేత్తో తోసేస్తున్నారని 1944లో గోల్‌టెండింగ్ నిషేధించారు, బిల్ రసెల్ కాలంలో కాలేజీ లేన్‌ని 6 అడుగుల నుంచి 12 కి పెంచారు, 1967లో ఏకంగా డంక్‌నే నిషేధించారు, అప్పుడు యూసీఎల్ఏలో ఆడుతున్నది ల్యూ ఆల్సిండర్, తర్వాత కరీం అబ్దుల్ జబ్బార్ అయ్యాడు. డంక్ పోతేనేం అని అతను స్కైహుక్‌ని సానబెట్టుకున్నాడు, మూడేళ్ళలో 88 గెలుపులు రెండే ఓటములు, మూడు టైటిళ్ళు. డంక్ మళ్ళీ 1976-77లో గానీ రాలేదు. పొజిషన్ మారకపోయినా ఆ పొజిషన్‌లో చెయ్యాల్సిన పనే మారిపోయిన కేసు ఇది, బ్రూక్ లోపెజ్ కూడా అంతే, స్టాన్‌ఫర్డ్ నుంచి 2008లో వచ్చిన సెంటర్, ఎన్‌బీఏలో మొదటి ఎనిమిది సీజన్లలో కలిపి వేసిన త్రీలు 3, ఆ తర్వాత 2016-17 ఒక్క సీజన్‌లోనే 134. మనిషి అదే సెంటర్, నిలబడే చోటు మాత్రం ఇరవై అడుగులు వెనక్కి.

మన వాళ్ళకి అర్థమయ్యేలా ఒక్కటి చెప్పాలంటే వీవీఎస్ లక్ష్మణ్‌ని కొన్నాళ్ళు ఓపెనర్‌గా పంపించలేదూ, సిడ్నీలో 167 కొట్టినా ఆ చోటు తనది కాదని ఆయనకి తెలుసు, తర్వాత 2001 ఈడెన్‌లో మూడో నంబర్‌లో దింపితే 281. బ్యాటూ అదే చేతులూ అవే.

అందుకని ప్రతి బిగ్ మ్యాన్‌నీ బయటికి లాగాలని కూడా నేను అనట్లేదు, ఇప్పుడు ఆ పిచ్చి కూడా బాగానే ముదిరింది, పొడుగ్గా ఉన్న ప్రతి కుర్రాడూ త్రీలు వెయ్యాలి బంతి నడపాలి అంటున్నారు. పర్‌డ్యూ వాళ్ళు ఈడీని ఆ పని చెయ్యమనలేదు, రింగు కింద నిలబెట్టి బంతి అందించారు, రెండేళ్ళు వరసగా 2023లో, 2024లో దేశంలో బెస్ట్ ప్లేయర్ అయ్యాడు. మార్చాలా వద్దా అన్నది ఆ కుర్రాడి కాళ్ళు, చెయ్యి, పక్కన ఎవరున్నారు అన్నదాన్ని బట్టి ఉంటుంది. నన్నడిగితే ముందు ఫ్రీ త్రోలు చూడాలి, ఖాళీగా నిలబడి 15 అడుగుల నుంచి వెయ్యలేనివాడు చెయ్యి మొహం మీదికి వస్తుంటే 22 అడుగుల నుంచి ఏం వేస్తాడు, అయితే వుల్ఫ్ ఫ్రీ త్రోలు 60 శాతం దగ్గరే తచ్చాడాడు కాబట్టి నా లెక్క కూడా పూర్తిగా నిలబడదు, అతను పాస్‌తో, డ్రిబుల్‌తో నెట్టుకొచ్చాడు.

టైమ్ కూడా ఇప్పుడు ఎవరికీ లేదు. 2018లో కాలేజీ మారాలనుకునేవాళ్ళు పేరు నమోదు చేసుకునే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ వచ్చింది, 2021 నుంచి కాలేజీ మారినవాడు ఏడాది కూర్చోకుండా వెంటనే ఆడొచ్చు. కొత్త పొజిషన్ నచ్చకపోతే కుర్రాడు వెళ్ళిపోతాడు, కుర్రాడు కుదురుకోకపోతే కోచ్ ఇంకొకణ్ణి తెచ్చుకుంటాడు. ఒకప్పుడు రెండు మూడేళ్ళు పట్టినా ఓపిక పట్టేవాళ్ళు, ఇప్పుడు నవంబర్‌లో మొదలై మార్చిలోపు తేలిపోవాలి. దీని మీద మన రాతలు కూడా తోడైతే పంతొమ్మిదేళ్ళ పిల్లాడి పరిస్థితి ఏంటో మీరే ఆలోచించండి.

మిమ్మల్ని అడిగేది పెద్దదేం కాదు. పేజీ అంతా ఇమ్మనట్లేదు. ఏజెన్సీ నుంచి వచ్చిన కాపీని అలాగే తెలుగు చేసి వెయ్యకుండా, పొజిషన్ మారిన ఆటగాడి గురించి రాసేటప్పుడు పాయింట్లతో పాటు ఎన్ని నిమిషాలు ఆడాడు, ఎన్ని ఫౌల్స్, ఎన్ని టర్నోవర్లు, అవతలి టీమ్‌లో ఎవరిని కాశాడు, పక్కన ఇంకో పొడుగు మనిషి ఉన్నాడా అన్నది ఒక్క వాక్యం కలపండి చాలు. తేలిపోయాడు అన్న మాట కనీసం కాన్ఫరెన్స్ మ్యాచ్‌లు మొదలయ్యేదాకా అట్టేపెట్టండి, డిసెంబర్ దాకా పెద్ద కాలేజీలు చాలావరకు చిన్న టీమ్‌ల మీదే ఆడతాయి, అక్కడ బాగా ఆడినా ఆడకపోయినా పెద్దగా తెలిసేది ఉండదు.

ఇంకో చిన్న మాట, ఆటగాళ్ళ హైట్ సెంటీమీటర్లలో వేస్తున్నారు, 224 సెంటీమీటర్లు అంటే పేపర్ పక్కన పెట్టి లెక్క కట్టుకోవాల్సి వస్తోంది, దయచేసి అడుగులు అంగుళాల్లో వెయ్యండి.

ఇట్లు,
మీ స్పోర్ట్స్ పేజీ వెనకనుంచి చదవడం మొదలుపెట్టే ఒక పాఠకుడు